రాజమ్మ కాచిన పాలు

రాజమ్మ ఇరవై ఎనిమిదేళ్లుగా ఎర్రమంజిల్ క్వార్టర్లలో పాల ప్యాకెట్లు వేస్తోంది. పొద్దున నాలుగున్నరకు పంజాగుట్ట చౌరస్తా దగ్గర వ్యాను ఆగుతుంది. ట్రేలు దించుకుని, రెండు పెద్ద సంచుల్లో సర్దుకుని, ఆరున్నరకల్లా నూటా పన్నెండు తలుపులకు తగిలించి వస్తుంది. అర లీటరు వాళ్లు లీటరడిగితే చుట్టాలు వచ్చారని, లీటరు వాళ్లు అర లీటరుకు దిగితే కోడలు పుట్టింటికి పోయిందని, ఉన్నట్టుండి పెరుగు ప్యాకెట్లు ఎక్కువ కావాలంటే ఇంట్లో ఎవరికో కడుపు బాగాలేదని ఆమెకు తెలుస్తుంది. ఈ సంగతులు ఆమె ఎవరికీ చెప్పదు. అడిగితే చెబుతుంది.

పాల విషయంలో ఆమెకు రెండే నియమాలు. ఒకటి, పాలు పారబోయకూడదు. చిరిగిన ప్యాకెట్‌ని ఇంటికి తెచ్చుకుంటుంది, విరిగిన పాలను బెల్లమేసి కలుపుతుంది, ఏదో ఒకటి చేస్తుంది గానీ పారబోయదు. రెండు, చేతికొచ్చిన పాలు ముందు పొయ్యి ఎక్కాలి. ప్యాకెట్ మీద పాశ్చరైజ్డ్ అని రాసి ఉంటుంది. ఆ మాట రోజూ ఆమె కళ్లబడుతూనే ఉంటుంది. అది పాల కంపెనీ ఇంటిపేరని ఆమె అనుకుంది. క్వార్టర్లలోకి కొత్తగా దిగినవాళ్లు ఎవరైనా "ఇవి కాచాలా?" అని అడిగితే, "కాచకుంటే ఎట్ల తాగుతరు?" అని ఎదురడిగేది.

ఆమె కాపురం అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తు మీది రెండు గదుల పోర్షన్లో. భర్త మొగిలయ్య ఒక సర్కారు ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. కొడుకు ప్రవీణ్ కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాడు. కోడలు హరిణిది తెనాలి. మూడు నెలల కోర్సు కోసం హైదరాబాదు వచ్చి ప్రవీణ్ క్లాసులో చేరింది. కోర్సు పూర్తి కాలేదు, పెళ్లయింది. ఇప్పుడు వాళ్లకు నాలుగు నెలల పాప, ధాత్రి.

పాప పుట్టిన రెండో నెలలో రాజమ్మ ఒక పొద్దున రౌండు ముగించుకుని వచ్చేసరికి హరిణి వంటింటి సింక్ దగ్గర నిలబడి గ్లాసు వంపుతోంది. గ్లాసులో ఉన్నవి పాలు.

"ఏంది బిడ్డా గది?"

"పాప తాగగా ఎక్కువైనవండీ అత్తయ్యా. తీసెయ్యకపోతే గడ్డకట్టి నొప్పి చేస్తుందని డాక్టరు చెప్పింది."

"తీస్తే తీసినవ్. సింక్ల పోస్తవా?"

"మరి ఏం చెయ్యమంటారు?"

మనిషి పాలు తొక్కుడు పడొద్దని, మిగిలితే చెట్టు మొదట్లో పోయాలని రాజమ్మకు తెలుసు. మూడో అంతస్తు మీద ఉన్న ఒకే చెట్టు పెయింట్ బకెట్లో పెంచుతున్న కరివేపాకు. ఆ రోజు నుంచి పాలు దానికి పోశారు. రోజుకు మూడుసార్లు పోసేసరికి అది ఎనిమిదో రోజున చచ్చిపోయింది.

తర్వాత టీకా వేయించడానికి పోయినప్పుడు నర్సు చెప్పింది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి వాళ్లు తల్లిపాల బ్యాంకు నడుపుతున్నారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, తల్లికి ఇంకా పాలు పడనివాళ్లకు, ఇతర తల్లులు ఇచ్చిన పాలు పడతారు. హరిణి ఇస్తానంది. రాజమ్మ వద్దంది.

"గిన్ని పాలున్నయని ఎవరన్న బయట చెప్పుకుంటరా? నలుగురి కండ్ల పడితే తెల్లారేసరికి ఎండిపోతయ్."

బ్యాంకులో పనిచేసే సుమశ్రీ ఫోన్లో ఆమెతో మాట్లాడింది. కవర్ల మీద పేరు రాయరు ఆంటీ, నంబరే వేస్తారు అంది. నంబరుకు దిష్టి తగిలినట్టు రాజమ్మ ఎక్కడా వినలేదు. ఒప్పుకుంది.

ఫ్రీజర్‌లోంచి ఐసు ట్రే బయటికొచ్చింది, బఠానీలు బయటికొచ్చాయి. మొగిలయ్యకు చల్లనీళ్లు బందయ్యాయి. హరిణి ఒక్కో జిప్పు కవర్లో వంద మిల్లీలీటర్లు పోసి, తేదీ, టైము రాసి ఇస్తే రాజమ్మ సర్దేది. పాతవి ముందుకు, కొత్తవి వెనక్కి. ఎవరూ చెప్పకుండానే అలా సర్దింది. హరిణి చూసి ఆశ్చర్యపోతే, "గిది నా పని గద" అంది. ఆనాటి నుంచి ఫ్రీజర్ రాజమ్మ చేతికిందికి వచ్చింది.

రెండు నెలలు గడిచాయి. హరిణి సోమవారం నాడు పనికి వెళ్లడం మొదలుపెట్టింది. శ్రీనగర్ కాలనీలో ఒక డబ్బింగ్ స్టూడియోలో ఎవరు ఎన్ని గంటలకు వచ్చి గొంతు ఇవ్వాలో చూసుకునే ఉద్యోగం. ఆ సాయంత్రమే సుమశ్రీ ఫోన్ చేసింది. ఇరవై ఎనిమిది వారాలకే పుట్టిన కవలలు వచ్చారు, ఇద్దరిలో ఒక్కరూ కిలో లేరు, తల్లి జ్వరంతో వేరే వార్డులో ఉంది. బ్యాంకులో ఉన్న పాలు శనివారం దాకా వస్తాయి. గురువారం పాలు చేతికొస్తే పరీక్షలయ్యి ఆదివారానికి సిద్ధమవుతాయి.

"ఎన్ని కవర్లున్నాయి హరిణిగారూ?"

"ముప్పై నాలుగు."

"అన్నీ తెచ్చేయండి."

హరిణి అన్నం దగ్గర ఈ సంగతి చెప్పింది. రాజమ్మ అంతా విని, "మగపిల్లలా, ఆడపిల్లలా?" అనడిగింది.

"అవన్నీ చెప్పరండీ."

"కిలో లేరంటే ఒక్క లీటరు ప్యాకెట్ అంత బరువు లేరన్నట్టు" అంది రాజమ్మ. ఇంకో రెండు ముద్దలు తిని లేచింది.

మంగళవారం పదకొండింటికి సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. లైన్‌మ్యాన్ వచ్చి చూసి, సాయంత్రం అవుతుందని చెప్పి వెళ్లాడు. రాజమ్మ ఫ్రీజర్ తలుపు తెరిచి చూసింది. కవర్లు రాళ్లలా ఉన్నాయి. మూసింది. కరిగాయేమోనని అరగంటకోసారి తెరిచి చూసింది. తెరిచినకొద్దీ కరిగాయి.

ప్రవీణ్‌కి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. క్లాసులో ఉంటే అంతే. హరిణి ఫోన్ మోగింది గానీ ఎత్తలేదు. డబ్బింగ్ థియేటర్లోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. సుమశ్రీ నంబరు హరిణి ఫోన్లో ఉంది. రాజమ్మ కిందికి దిగి, సందు మొదట్లో చేపలమ్మే కమాల్‌ని అడిగింది.

"ఐసుంటదా భాయ్?"

"మస్తున్నది అమ్మా. ఎంత గావాలె?"

రాజమ్మ అతని డబ్బాలోకి తొంగి చూసింది. ఐసు మీద బొచ్చెలు పడుకుని ఉన్నాయి. పసిపిల్లలు తాగే పాలని దాంట్లో పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. వెనక్కి వచ్చింది.

రెండున్నరకు కవర్ల అంచులు మెత్తబడ్డాయి. మూడింటికి వేలితో నొక్కితే గుంట పడింది.

"ఏం జేద్దాం?" అంది మొగిలయ్యతో.

"నీ ఇష్టం" అన్నాడు మొగిలయ్య. ముప్పై రెండేళ్ల సర్వీసులో పైఅధికారులకు ఆయన చెప్పింది కూడా అదే.

పాలు పాడవబోతున్నాయి. పాడవబోయే పాలను ఏం చేయాలో రాజమ్మకు తెలుసు. ధాత్రిని తొట్టెల్లో వేసిననాడు వచ్చిన కొత్త స్టీలు గిన్నె తీసింది. మూడుసార్లు కడిగింది. కత్తెరను వేడినీళ్లలో ముంచింది. తేదీలు చూసి, పాతవి ముందు, కొత్తవి తర్వాత, ముప్పై నాలుగు కవర్లూ కత్తిరించి గిన్నెలోకి వంచింది. మంట చిన్నగా పెట్టి, గరిటె తిప్పుతూ అక్కడే నిలబడింది. పాలు పల్చగా, లేత తీపి వాసనతో ఉన్నాయి. మరిగాయి గానీ పొంగలేదు, అంచుల వెంబడి సన్నగా నురుగొచ్చిందంతే. మీగడ కట్టలేదు.

"బర్రె పాలసొంటియి కావు" అన్నాడు మొగిలయ్య పక్కనుంచి.

"నీకు మస్తు తెల్సు" అంది రాజమ్మ.

విసనకర్రతో చల్లార్చి, మూత బిగుతుగా ఉండే క్యాన్‌లో పోసింది. నాలుగుంబావుకు కరెంటొచ్చింది. క్యాన్ ఫ్రిజ్‌లో పెట్టి, గిన్నె కడిగి బోర్లించింది. ఒక్క చుక్క నేలపాలు కాలేదు.

హరిణి ఆరున్నరకు వచ్చి, కాళ్లు కడుక్కుని, పాపకు పాలిచ్చి, లేచి ఫ్రీజర్ తెరిచింది.

"అత్తయ్యా, కవర్లేవండీ?"

"కరెంటు పోయింది బిడ్డా. ఐదు గంటలు. ఫికర్ జెయ్యకు, ఏం కరాబ్ కాలే. కాచి పెట్టిన."

"ఏం చేశారు?"

"కాచిన."

హరిణి ఫ్రిజ్ ముందు కింద కూర్చుంది. అరవలేదు. అరిస్తే బాగుండేదని రాజమ్మకు అనిపించింది.

"పచ్చిగానే ఇవ్వాలి అత్తయ్యా. కాస్తే అందులో ఉన్న మంచి అంతా పోతుంది. వాళ్లు తీసుకోరు."

"పచ్చిపాలు పసిపిల్లలకెట్ల పోస్తరు?"

"మరి పాప తాగేవి ఏం పాలండీ?"

రాజమ్మ ఆ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు.

ప్రవీణ్ ఎనిమిదింటికి వచ్చాడు. జరిగింది విన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులెలా పట్టుకోవాలో రోజూ తొమ్మిది గంటలు పిల్లలకు చెబుతాడు కనక, తప్పు ఎలా దాచాలో వెంటనే తట్టింది.

"దీనికి గింత లొల్లి ఎందుకు? చల్లారినయ్ గద. కొత్త కవర్లల్ల పోసి డేట్లు రాయిన్రి. ఎవరికి తెలుస్తది?"

రాజమ్మ కొడుకు వైపు చూసింది. "ఇరవై ఎనిమిదేండ్ల సంది పాలేస్తున్న. రాజమ్మ పాలల్ల నీళ్లు గలిపిందని ఒక్కలన్న అన్నరార?"

"ప్యాకెట్ల నీళ్లెట్ల గలుపుతవమ్మా? సీలుంటది."

"అంటే సీలుండబట్టికే కలపలేదంటవా?"

ప్రవీణ్ ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి లోపలికి వెళ్లాడు.

"రేపు నేనే పోయి చెప్త" అంది రాజమ్మ హరిణితో.

బుధవారం రౌండు అయ్యాక, క్యాన్‌కి తడి తువ్వాలు చుట్టి, మెట్రో లైను కిందుగా నడుచుకుంటూ పంజాగుట్ట పోయింది. బ్యాంకు రెండో అంతస్తులో ఉంది. చెప్పులు బయట విడవాలి, చేతులు కడగాలి. సుమశ్రీకి ముప్పై ఏళ్లుంటాయి. తలకు టోపీ, ఒంటి మీద పచ్చ గౌను. రాజమ్మ చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నది.

"తీసుకోలేం ఆంటీ. సారీ."

రాజమ్మ కళ్లు అప్పటికే గది మూలలో ఉన్న స్టీలు యంత్రం మీద ఉన్నాయి. నీళ్లలో సీసాలు నిలబెట్టి ఉన్నాయి, పైన అంకెలు వెలుగుతున్నాయి.

"గదేంది?"

"పాలు వేడి చేసే మిషన్."

"అంటే మీరు సుత కాగవెడ్తరు!"

"కాచం ఆంటీ, వేడి చేస్తాం. అరవై రెండున్నర డిగ్రీలు, అరగంట. మరగదు. తర్వాత వెంటనే చల్లబరుస్తాం."

"మరగకుంటె పురుగెట్ల సస్తది?"

"చావాల్సింది చస్తుంది. ఉండాల్సింది చాలామటుకు ఉంటుంది. మరిగిస్తే రెండూ పోతాయి."

"గీ పనికి పేరున్నదా?"

"పాశ్చరైజేషన్ అంటారు."

రాజమ్మ ఆ మాట మళ్లీ చెప్పించుకుంది.

"నా ప్యాకెట్ల మీద గిదే ఉంటది."

"అవును. అవి వేడి చేసే పంపుతారు. నిజానికి వాటిని మళ్లీ కాచక్కర్లేదు."

"గిది ఎర్రమంజిల్ల చెప్పకు" అంది రాజమ్మ. తర్వాత, "కరెంటు పోతె మరి ఏం జెయ్యాలె?" అనడిగింది.

"తలుపు తెరవకుండా ఉంటే చాలు, ఐదారు గంటలకు ఏమీ కాదు. భయమనిపిస్తే కవర్లన్నీ మూటకట్టి ఐసులో పెట్టండి."

"ఏ ఐసు?"

"ఏదైనా."

"చేపల ఐసైనా?"

సుమశ్రీ ఒక క్షణం ఆలోచించింది. "మూట గట్టిగా కడితే పర్లేదు."

కమాల్ భాయ్‌కి ఈ సంగతి చెప్పకూడదని రాజమ్మ అక్కడే నిర్ణయించుకుంది.

క్యాన్ ఇక్కడే ఇచ్చేయండి, మేం పారబోస్తాం అంది సుమశ్రీ. ఎక్కడ పోస్తారని రాజమ్మ అడిగింది. సుమశ్రీ సింక్ చూపించింది. రాజమ్మ క్యాన్ చంకలో పెట్టుకుంది.

"ఆదివారం పిల్లలకు మరి?"

"వేరే తల్లుల్ని అడుగుతున్నాం. ఇంకా ఎవరూ దొరకలేదు. రెండు లీటర్లొస్తే చాలు ఆంటీ, వారం గడుస్తుంది. వాళ్లు తాగేది అంత తక్కువ."

"రేపటిదాక టైమున్నది గద?"

"రేపు పన్నెండింటి దాకా."

బయటికొచ్చాక రాజమ్మకు ముందు తేల్చుకోవాల్సిన పని చంకలోనే ఉంది. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మనుషులు తొక్కని మట్టి ఎక్కడుందా అని చూస్తూ నడిచింది. అంతా సిమెంటు. చివరికి రోడ్డు మధ్య మెట్రో పిల్లర్ చుట్టూ కార్పొరేషన్ వాళ్లు పెట్టిన పూలమొక్కలు కనిపించాయి. సిగ్నల్ పడ్డప్పుడు దాటి, డివైడర్ ఎక్కి, క్యాన్ మూత తీసింది. పిల్లర్‌కి ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది. ట్రాఫిక్ కానిస్టేబుల్ రాజనర్సయ్య విజిల్ వేసుకుంటూ వచ్చాడు.

"ఏయ్ అమ్మా, ఏం బోస్తున్నవ్?"

"పాలు."

అతను ఫ్లెక్సీ వైపు చూశాడు, క్యాన్ వైపు చూశాడు. "పాలాభిషేకానికి పర్మిషన్ ఉన్నదా?"

"నాకు ఆయనెవరో తెల్వది బిడ్డా. చెట్లకు పోస్తున్న."

"చెట్లకు పాలెందుకు?"

"ఎవ్వలు తొక్కొద్దని."

రాజనర్సయ్యకు పద్దెనిమిదేళ్ల సర్వీసు ఉంది గానీ ఇలాంటి కేసు రాలేదు. ఫ్లెక్సీ మీద చుక్క పడకుండా చూసుకొమ్మని, త్వరగా కానిమ్మని చెప్పి, ఆమె పోసినంతసేపూ ఒక చేత్తో ట్రాఫిక్ ఆపాడు. మూడు లీటర్లకు పైగా పాలు. మట్టి నెమ్మదిగా పీల్చుకుంది. రాజమ్మ చివరి చుక్క దాకా వంచి, క్యాన్ మూత పెట్టింది. తను కాచిన పాలు పారబోయడం ఆమెకు అదే మొదటిసారి.

ఆ సాయంత్రం రాజమ్మ ఎర్రమంజిల్ పోయింది. నూటా పన్నెండు ఇళ్లలో చంటిపిల్లలున్నవి ఐదని ఆమెకు ఎవరినీ అడగకుండానే తెలుసు. అందులో మూడు డబ్బా పాల ఇళ్లు. మిగిలినవి రెండు. సాయంత్రం పూట ఆమెను గుమ్మంలో చూసినవాళ్లంతా "రేటు పెరిగిందా?" అనే అడిగారు.

మొదటి ఇల్లు షహజాదిది. భర్త అబూబకర్‌కి అమీర్‌పేటలో సెల్‌ఫోన్ రిపేరు షాపుంది. ఇద్దరు పిల్లల తర్వాత మూడోది ఆడపిల్ల. షహజాది కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, అంతా విన్నది.

"ఇస్త అమ్మా. దాన్లేమున్నది. ఎవరి పిల్లలు?"

"పేరు చెప్పరు. వాళ్లకు మన పేరు సుత చెప్పరు. నంబరే."

షహజాది తల అడ్డంగా ఊపింది. "గట్లయితే కుదరదమ్మా. మా మతంల, నా పాలు తాగినోళ్లు నా పిల్లలకు తోడబుట్టినట్టే. వాళ్లకూ వీళ్లకూ నిఖా హరామ్. ఎవరో తెల్వకపోతె రేపు పెద్దగైనంక ఎట్ల?"

నంబరుతో దిష్టి తప్పుతుంది గానీ చుట్టరికం తెలియకుండా పోతుంది. ఇది న్యాయమైన అభ్యంతరమే అనిపించింది రాజమ్మకు. కిలో కూడా లేని పిల్లల పెళ్లి గురించి ఇద్దరూ కాసేపు నిజంగానే ఆలోచించారు. దారి దొరకలేదు.

"పేరు చెప్తే ఇప్పుడిస్త" అంది షహజాది లేస్తూ. "చెప్పకుంటే గీ డబ్బ తీస్కపో." మంచం కిందినుంచి థర్మాకోల్ ఐసు డబ్బా లాగి ఇచ్చింది. "ఎండల తీస్కపోతవ్, పాలు చల్లగుండాలె గద."

రెండో ఇల్లు చంద్రికది. పక్కనే ఒక సర్కారు ఆఫీసులో క్లర్కు. డ్యూటీలో చేరి నెలైంది. తలుపు తీసింది అత్తగారు సుకన్య.

"రేటు పెరిగిందా?"

"లేదు. చంద్రికమ్మ పాల కోసమొచ్చిన."

సుకన్య మొహం మారింది. "మా కోడలికి పాలెక్కువని నీకెవరు చెప్పిన్రు?"

"పోయిన నెల ఐస్‌క్రీం డబ్బ ఇయ్యొద్దన్నరు గద, ఫ్రిజ్ల జాగ లేదని. నలుగురున్న ఇంట్ల ఫ్రీజర్ ఊకెనే నిండదు."

లోపల్నుంచి చంద్రిక వచ్చింది. తన కష్టం తనే చెప్పింది. ఉద్యోగానికి పోతే బాబుకు సీసాతో పట్టొచ్చని కవర్లు నింపి పెట్టింది. వాడు సీసా చూస్తే నోరు మూస్తాడు. లంచ్ టైంలో తనే ఇంటికి పరిగెత్తుకొస్తోంది. ఇరవై ఆరు కవర్లు అలాగే ఉన్నాయి, పారెయ్యడానికి చేతులు రావడం లేదు.

"తారీఖులు రాసినవా?"

"రాసిన."

"కడుపుతోటున్నప్పటి ఫైలున్నదా? రక్త పరీక్షల కాయితాలు?"

"ఉన్నయ్."

సుకన్య ఇంకా గుమ్మానికి అడ్డంగానే ఉంది. "ఆగు. ట్రాన్స్‌ఫార్మర్ పేలిననాడు పాలు కాచిన రాజమ్మవు నువ్వే గద?"

మొగిలయ్య చాయ్ హోటల్లో చెప్పాడు. ఆ కబురు మర్నాటికి ఎర్రమంజిల్ దాకా వచ్చింది.

"నేనే" అంది రాజమ్మ.

"మరి నీ చేతికెట్ల ఇయ్యాలె?"

"ఇంకెవ్వలకిచ్చినా కాస్తరేమో. నేనైతె కాచను."

సుకన్య ఈ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత దిష్టి సంగతి అడిగింది. రాజమ్మ నంబరు సంగతి చెప్పింది. సుకన్య పక్కకు జరిగింది.

గురువారం పొద్దున రాజమ్మ చంద్రిక కవర్లు, ఫైలు తీసుకుని ఇంటికొచ్చి డబ్బాలో ఐసు సర్దుకుంటుంటే, హరిణి ఫ్రీజర్‌లోంచి ఐదు కవర్లు తీసి ముందు పెట్టింది. మంగళవారం రాత్రి నుంచి తీసినవి. రెండు రోజులుగా ఆమె అత్తతో పాల మాట ఎత్తలేదు.

"ఇవి కూడా అత్తయ్యా."

"నాతోని పంపుతవా?"

"ఇంకెవరున్నారండీ?" అంది హరిణి. పాపను భుజానికెత్తుకుని, డబ్బా మూత తనే వేసి టేపు అంటించింది.

బ్యాంకులో సుమశ్రీ ఒక్కో కవరూ తీసి చూసింది. చంద్రికవాటిలో నాలుగు కవర్లకు మూడు నెలలు దాటిపోయాయని పక్కన పెట్టింది. మిగిలినవి ఇరవై రెండు. హరిణివి ఐదు. మొత్తం రెండు లీటర్ల ఏడు వందలు. చంద్రిక ఫైలు తిరగేసి, ఆమెతో ఫోన్లో మాట్లాడి, ఒక ఫారం నింపింది.

"చంద్రికగారికి మీరేమవుతారు ఆంటీ?"

"ఏం గాను."

"ఇక్కడ ఏదో ఒకటి రాయాలి. అత్తా, అమ్మా, చెల్లా?"

"పాలేస్త వాళ్లింట్ల."

సుమశ్రీ పెన్ను పట్టుకుని కాసేపు ఆగి, ఫారంలో 'పాలు వేసే ఆమె' అని రాసింది. పిల్లల్ని ఒకసారి చూడొచ్చా అని రాజమ్మ అడిగింది. కుదరదంది సుమశ్రీ. రాజమ్మ మళ్లీ అడగలేదు.

ఇక మిగిలింది పరీక్ష. పాలల్లో ఏదైనా తేలితే అంతా పారబోయాల్సిందే. శుక్రవారం ఫోన్ రాలేదు. శనివారం పగలంతా రాలేదు. రాజమ్మ బయటికి పోకుండా, హరిణి ఫోన్ ఎక్కడుంటే అక్కడ కూర్చుంది. సాయంత్రం ఐదు దాటాక మోగింది. హరిణి విని, ఫోన్ అత్తకిచ్చింది.

"అన్నీ బాగున్నాయి ఆంటీ. రేపటి నుంచి వాడతాం."

"ఎన్ని గంటలకు?"

"పొద్దున ఆరింటికి మొదటిసారి. ట్యూబుతో పడతాం, ఒక్కొక్కరికీ ఐదు మిల్లీలీటర్లు."

"అంటే ఎంత?"

"ఒక చెంచాడు."

"ఎంతసేపు తాగుతరు?"

"పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. నెమ్మదిగా పొయ్యాలి."

చెంచాడు పాలకు ఇరవై నిమిషాలు! అలాంటి ఖాతా రాజమ్మకు ఎప్పుడూ తగల్లేదు.

ఆదివారం ఆరింటికి ఆమె మూడో బ్లాకు మెట్ల మీద ఉంది. అక్కడే, రెండు సంచులూ పక్కన పెట్టుకుని కూర్చుంది. పై ఇంటి పెద్దాయన వాకింగ్‌కి దిగుతూ ఆగాడు.

"ఏమైంది రాజమ్మా? ఒంట్లో బాగాలేదా?"

"బాగనే ఉన్న సార్. అక్కడ ఇద్దరు తాగుతున్నరు. అయినంక లేస్త."

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. తన ప్యాకెట్ తనే అడిగి తీసుకుని, పైకెళ్లి ఇంట్లో పెట్టి, మళ్లీ దిగి వాకింగ్‌కి పోయాడు.

ఆ రోజు నాలుగో బ్లాకుకు పాలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాయి. ఎవరూ అడగలేదు. ఆదివారం కావడంతో అక్కడ ఇంకా ఎవరూ లేవలేదు.